మూత తెరవని రోజు

దిఘా బీచికి వెళ్ళొచ్చిన మా అబ్బాయి, పిక్నిక్‌ల కోసం కొత్తగా కొన్న నీలం రంగు ఐసు పెట్టెను వరండాలో బోర్లించి, వెళ్ళేటప్పుడు సగం దారికే ఐసంతా నీళ్ళయిపోయిందని, పెట్టె పనికిరానిదని తేల్చేశాడు. పెట్టెకేం, నిక్షేపంగా ఉంది. దారిలో ఎన్నిసార్లు మూత తీశావురా అంటే, దాహమేసినప్పుడల్లా అన్నాడు. తుడుద్దామని పాత గోనెసంచి తెచ్చాను. తడిసిన గోనె వాసన ముక్కుకు తగలగానే పదేళ్ళ పిల్లనైపోయి ఖిదిర్‌పూర్ సందులో కూర్చున్నాను.

మా నాన్నది మునిసిపాలిటీలో రోడ్లు ఊడ్చే పని. తాత ఓడల డాక్‌లో మూటలు మోసి, నడుం పట్టేశాక ఇంటిపట్టున ఉండేవాడు. వైశాఖం వచ్చిందంటే సందులో తారు మెత్తబడి చెప్పులకు అంటుకునేది, గంగ మీది గాలి కూడా వేడిగానే వచ్చేది, సరిగ్గా ఆ ఎండల్లోనే శ్రీకాకుళం నుంచి వలసొచ్చిన మావాళ్ళంతా కలిసి అమ్మవారి సంబరం చేసేవారు. గడపలకు పసుపు రాసి, వేపమండలు కట్టి, వడపప్పు నానబోసి, చలిమిడి దంచుతుంటే సందు సందంతా బెల్లం వాసన వేసేది. ఘటం ఎత్తుకునే ఆడవాళ్ళు పొద్దున్నే గంగలో మునిగి, తలమీద కుండతో, వట్టి కాళ్ళతో, తెలుగువాళ్ళున్న బస్తీలన్నీ తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరేవారు. అంతవరకు మంచినీళ్ళు ముట్టరు. తిరిగొచ్చాక ఇంటి ఆడపిల్ల చేత్తో ఇచ్చిన చల్లటి పానకమే మొదటి గుక్క. మా ఇంట్లో ఘటం అమ్మది, పానకం నాది.

సందులో ఎవరికీ ఫ్రిజ్ లేదు. ఐసు మిల్లువాళ్ళు చేపల బేరగాళ్ళకు అమ్మేసి పది గంటలకల్లా తలుపులు మూసేవారు, అందుకని పొద్దున తెచ్చిన గడ్డనే చెక్కపెట్టెలో రంపపు పొట్టు మధ్య సాయంత్రం దాకా కాపాడుకోవాలి. తొమ్మిదో ఏట మొదటిసారి ఆ పని నా చేతికొచ్చింది. గచ్చకాయలాడుతూ మధ్యమధ్య లేచి వెళ్ళి ఐసుందో లేదో చూసుకున్నాను, నేస్తాలకు చూపించాను, వేళ్ళతో తాకించాను. అమ్మ వచ్చేసరికి పెట్టెలో నీళ్ళు, నీళ్ళలో రంపపు పొట్టు. పొక్కులెక్కిన పాదాలతో గడప మీద కూలబడి, గోరువెచ్చటి పానకం తాగి, బాగుందే అంది. తిట్టినా బాగుండేది.

"ఎండ తినీలేదే పైడీ. నీ కళ్ళే తినీసినాయి ఐసుని," అన్నాడు తాత.

మరుసటి ఏడు అమ్మ గ్లాసులో ఐసు గలగలలాడి తీరాలని పంతం పట్టాను. తాత డాక్ నుంచి ఎప్పుడో తెచ్చిన టీ పెట్టె ఒకటుండేది, లోపలంతా వెండి రంగు రేకు కాగితం. దాన్ని పెద్ద చెక్కపెట్టెలో దించి, రెంటి మధ్యా రంపపు పొట్టు కూరాం. ముందు రోజు సాయంత్రమే చిన్న గడ్డ తెచ్చి అందులో వేస్తుంటే, పండగ రేపయితే ఇవాళ ఐసెందుకని నాన్న విసుక్కున్నాడు.

"పెట్టికి ముందుగాల దాహం తీర్సాలిరా. లేపోతే రేపటి ఐసుని అదే తాగీస్తాది," అన్నాడు తాత.

తెల్లారాక పెద్ద గడ్డను పగలగొట్టకుండా అలాగే గోనెలో చుట్టి దించి, పిడికెడు ఖాళీ కూడా మిగలకుండా పొట్టు నింపి, మూత మీద తడి గోనె కప్పి, మెట్ల కింద నీడలో పెట్టాం. దాని మీద తాత కూర్చున్నాడు. అమ్మ తాగేదాకా నేనూ నీళ్ళు తాగనని పక్కన కూర్చున్నాను. ఎదురింటి బెంగాలీ దర్జీ గ్లాసు పట్టుకొచ్చి, షర్బత్‌లోకి ఒక్క ముక్క ఇమ్మని బతిమాలాడు. "హోబే నా దాదా," కుదరదని చెప్పేశాను. ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు, నాకేం జాలి కలగలేదు.

మధ్యాహ్నం తాత నడుం వాల్చడానికి లోపలికెళ్ళాక పెట్టె మీదికి నేనెక్కాను. అప్పుడు మొదలైంది అసలు బాధ. లోపల ఐసుందా, కరిగిపోయిందా? చెయ్యి మూత దాకా వెళ్ళింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, నాలుక పిడచగట్టుకుపోతున్నా డప్పుల చప్పుడు వినిపించేదాకా కదల్లేదు.

అమ్మ వచ్చింది. తాత మూత తీశాడు. గడ్డ సగానికి పైనే ఉంది, పొగలు కక్కుతూ. ముక్కలు కొట్టి పానకంలో వేసి అందించాను. అమ్మ తాగలేదు. గ్లాసులోంచి ఒక ముక్క తీసి నా మొహం ముందు పెట్టింది.

"నోరు తియ్యే. పొద్దుటేల నుండి నువ్వూ గుక్క ముట్టనేదంట, తాత సెప్పినాడు."

పళ్ళు జివ్వుమంటుండగా సంతోషం పట్టలేక ఏడ్చాను.

ఇప్పుడా ఐసు మిల్లు చోట ఫ్లాట్లు లేచాయి. ఘటాలు చిన్న లారీ ఎక్కి మధ్యాహ్నానికే తిరిగొచ్చేస్తున్నాయి, దారి పొడుగునా నీళ్ళ సీసాలు పంచుతున్నారు. తాత లేడు, అమ్మా లేదు. పోయిన ఆదివారం అబ్బాయి మళ్ళీ దిఘా బయలుదేరుతుంటే నేనూ కారెక్కాను. ముందు రోజే పెట్టె దాహం తీర్చి, గడ్డను గడ్డగానే దించి, ఖాళీల్లో కాగితాలు కూరి, మూత మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాను. ఎవరడిగినా తియ్యనివ్వలేదు. సాయంత్రం సముద్రం ఒడ్డున మూత తీస్తే గడ్డ చెక్కుచెదరలేదు.

మొదటి ముక్క చేతిలోకి తీసుకున్నాక, ఇవ్వాల్సిన మనిషి లేదని గుర్తొచ్చింది. అరచెయ్యి మొద్దుబారుతున్నా పట్టుకునే నిలబడ్డాను.

"ఏటమ్మా, ఎవరికోసం అది?" అన్నాడు అబ్బాయి.

"నోరు తియ్యరా," అన్నాను.