కోపెన్‌హేగెన్‌లో ఒక కార్తీక సోమవారం

మా ఇంటిల్లిపాదికీ ఉప్పు చూసిపెట్టేది మా వదిన, అంటే మా ఆయన అక్క. ఉండేది నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌లో. అక్కడ ఎవరింట్లో పార్టీ అయినా సాంబారు దింపే ముందు వండినవాళ్లు ఆవిడ అరచేతిలో కాస్త పోసి, ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడేవాళ్లు. చాల్లేదనో మించిందనో మొహమాటం లేకుండా చెప్పేవారు. కొత్తకోడలిగా నేను ఆ నోటికి హడలిపోయేదాన్ని. నిరుడు ఆవిడకు క్యాన్సర్ వైద్యం జరుగుతున్నప్పుడు ఏం తిన్నా ఇనుప ముక్క నాకినట్టుందనేవారు. కొన్నాళ్లకు అదీ మానేశారు. ఏం వండిపెట్టినా "బాగుంది" అని తినేసేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుండె జారిపోయేది. వైద్యం పూర్తయింది, రిపోర్టులు మంచిగా వచ్చాయి, ఆ "బాగుంది" మాత్రం ఆవిడ నోరు వదల్లేదు. థాంక్స్‌గివింగ్ వారంలో ఎక్కడికైనా తీసుకెళ్తాను, ఎక్కడికో మీరే చెప్పండి అన్నాను. ఈమధ్యే కుండలు చేయడం నేర్చుకుంటున్నారు కాబట్టి, ఆలోచించకుండా కోపెన్‌హేగెన్ అన్నారు. డెన్మార్క్‌లోని ఆ ఊరు చేత్తో చేసిన మట్టిపాత్రలకు పేరుమోసింది.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసా కావాలి. అపాయింట్‌మెంట్ అంత తేలిగ్గా దొరకదు, కనీసం రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి. వదిన జెర్సీ సిటీలో మా ఇంటికొచ్చారు, పిల్లల్ని మా ఆయనకు అప్పగించి న్యూఆర్క్‌లో రాత్రి ఫ్లైట్ ఎక్కాం, ఆదివారం మధ్యాహ్నానికి అక్కడ దిగాం. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి మెట్రోలో పావుగంట. కారు ఊసే అక్కర్లేదు. రోజంతా తిరిగే టికెట్ పదిహేను డాలర్లకు కాస్త అటూఇటూ. నా అసలు ఏర్పాటు సోమవారం సాయంత్రానిది. ఊళ్లో పేరున్న శాకాహార రెస్టరెంట్‌లో మనిషికి ఎనభై డాలర్లు ముందే కట్టి, ఐదున్నరకు టేబుల్ బుక్ చేశాను. కార్తీకమాసం కదా అని ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు వద్దని మెయిల్ కూడా పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

సోమవారం పొద్దున నోర్రెబ్రో అనే పేటకు వెళ్లాం. అక్కడ ఒక సన్నటి వీధి పొడవునా కుండల షాపులు, పాత బట్టల షాపులు, చేత్తో చేసిన నగలు, కాఫీ కొట్లు. పదకొండు దాకా తెరవరు, సోమవారం కొన్ని అసలే తెరవరు, చూసుకుని వెళ్లండి. ఒక కుండల షాపులో వదిన ప్రతి కప్పునూ బోర్లించి అడుగు చూడటం మొదలుపెట్టారు. షాపావిడ నవ్వి, "మీరూ చేస్తారా?" అని అడిగింది. "చేస్తాను. నావి ఇంత తిన్నగా నిలబడవు" అన్నారు వదిన. కాస్త ఒరిగిన నీలం గిన్నె ఒకటి కొన్నారు, నలభై డాలర్లు. తిన్నగా ఉన్నవన్నీ వదిలేసి అదే ఎందుకంటే, "ఇది నన్ను వెక్కిరించదు" అన్నారు.

పక్కనే బేకరీలో ఏలకుల వాసన గుప్పుమంది. ఇక్కడ ఏలకుల బన్ తినకుండా వెళ్లకూడదు, కాఫీతో కలిపి పదీ పన్నెండు డాలర్లవుతుంది. రెండు చెప్పబోతుంటే వదిన నా చెయ్యి పట్టుకున్నారు.

"నాకొద్దు లావణ్యా. ఇవాళ సోమవారం కదే."

"అయితే?"

"కార్తీక సోమవారం. నక్షత్రం చూశాకే తింటాను. నువ్వు కానీ."

మాసం గుర్తుపెట్టుకుని వారం మర్చిపోయాను! థాంక్స్‌గివింగ్ వారంలో అన్ని రోజులూ సెలవులా కనిపిస్తాయి మరి. ఉపవాసానికి డాక్టరు ఒప్పుకున్నారట, నీళ్లూ పాలూ మాత్రం మానొద్దన్నారట. "వైద్యంలో ఉన్నప్పుడు మొక్కుకున్నానే, బతికి బట్టకడితే కార్తీకం నాలుగు సోమవారాలూ ఉంటానని. ఎలా మానతాను?" అన్నారు. తేదీ మారుద్దామని రెస్టరెంట్‌కు ఫోన్ చేశాను. వారమంతా నిండిపోయిందన్నారు. ఒక్క సోమవారమే అంత తేలిగ్గా దొరికినప్పుడే, అందులో ఏదో మెలిక ఉందని నాకు అనుమానం రావాల్సింది.

ఒక సంగతి మాత్రం మాకు కలిసొచ్చింది. నవంబర్ చివర్లో అక్కడ నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. "ఉపవాసాలకు ఇంతకన్నా మంచి దేశం లేదే!" అని వదిన సంబరపడ్డారు. పాత ఊరి షాపింగ్ వీధుల్లో దీపాలు చూస్తూ రౌండ్ టవర్‌కు వెళ్లాం. వందల ఏళ్ల కిందట నక్షత్రాలు చూడటానికే కట్టిన బురుజు అది. మెట్లకు బదులు చుట్టూ తిరిగే ఏటవాలు దారి ఉంటుంది, పైన చివర్లో మాత్రం కొన్ని ఇరుకు మెట్లు. పది డాలర్లలోపు టికెట్. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా మెల్లగా ఎక్కొచ్చు. వదిన రెండుచోట్ల కిటికీ గట్టు మీద కూర్చుని, పాలు తాగి, ఎక్కారు. పైకెళ్తే ఊరంతా దీపాలే, ఆకాశం నిండా మబ్బు. ఫోన్‌లో యాప్ తీసి, ఏ నక్షత్రం ఎక్కడుందో చూపించాను.

"ఫోన్‌లో దేవుడికి దణ్ణం పెట్టుకుంటాం కదా వదినా, ఇదీ అంతే అనుకోండి."

"నోరుమూసుకో" అన్నారు నవ్వుతూ.

పది నిమిషాలు నడిచి రెస్టరెంట్‌కు చేరాం. సంగతి చెప్పడానికి నాకు చచ్చేంత సిగ్గేసింది. వంట చేసేది నడివయసు ఆవిడ, చేతులు తుడుచుకుంటూ వచ్చి అంతా విన్నది. "నవంబర్‌లో నక్షత్రం మాకూ అంత సులువుగా దొరకదు. కూర్చోండి. మా పొయ్యి తొమ్మిదిన్నర దాకా వెలుగుతుంది. అది కనిపించినప్పుడే వడ్డిస్తాను" అంది. నన్ను తినమని వదిన ఎంత చెప్పినా నాకు మనసొప్పలేదు. ఇద్దరం మంచినీళ్లు ముందు పెట్టుకుని కూర్చున్నాం. బయటికి వెళ్లిన పనివాళ్లు తలెత్తి చూసి, లేదని చెయ్యి ఊపుతూ లోపలికి వస్తున్నారు. ఒకసారి వెయిటర్ గట్టిగా పిలిస్తే పరుగెత్తాం. అది విమానం. ఏడు దాటింది. వదిన మొహం వాడిపోయింది. ఆవిడ బలానికి ఇది ఎక్కువేమోనని నాకు భయం పట్టుకుంది.

అప్పుడు వంటావిడే ఏప్రన్‌తో వీధి తలుపులోంచి కేకేసింది. వెళ్లి చూస్తే, రెండు ఇళ్ల కప్పుల మధ్య మబ్బు విడిపోయి ఒక్కటి, ఒకే ఒక్కటి, వెలుగుతోంది. "అది గ్రహమేమో" అని నసిగింది వెయిటర్. "నక్షత్రమా గ్రహమా అని మా అమ్మ ఎప్పుడూ అడగలేదు" అని వదిన చేతులు జోడించారు. ఆ చలిలో రెస్టరెంట్‌వాళ్లు నలుగురూ మాతోపాటు తలెత్తి నిలబడ్డారు.

ముందు గుమ్మడికాయ సూపు వచ్చింది. వంటావిడ పక్కనే నిలబడింది. వదిన చెంచాడు నోట్లో పోసుకుని కళ్లు మూసుకున్నారు. బాగుంది అనకండి వదినా, ఈ ఒక్కసారికి అనకండి, అని లోపల్లోపల వేడుకుంటున్నాను.

"ఉప్పు పిసరంత ఎక్కువైందే" అన్నారు.

నేను భోరున ఏడ్చేశాను. ఏం తప్పు జరిగిందోనని వంటావిడ కంగారుపడితే లేచి ఆవిడను కావలించుకున్నాను. సంగతంతా వదినే ఆవిడకు చెప్పారు, చెబుతూనే గిన్నె ఖాళీ చేశారు.

ఆ ఊళ్లో చూడాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి, రాజుగారి కోటలూ కాలువలూ మ్యూజియంలూ. మర్నాడు కొన్ని చూశాం. నాకు మాత్రం ముక్కూమొహం తెలియని మనిషి కోసం చలిలో తలెత్తి ఆకాశం వెతికిన ఆ నలుగురే కళ్లలో ఉండిపోయారు. వాళ్లకు నేనెంత రుణపడ్డానో వాళ్లకు తెలియదు. మీకు నా సలహా ఒక్కటే. డబ్బు ముందే కట్టి టేబుల్ బుక్ చేసేముందు వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్ ఒకసారి చూడండి, మీకున్న పట్టింపులేవో రెస్టరెంట్‌వాళ్లకు సిగ్గుపడకుండా చెప్పండి. మొన్న మోరిస్‌విల్ నుంచి వదిన ఫోన్ చేశారు. నేను పంపిన గోంగూర పచ్చడిలో ఉప్పు చాల్లేదట. మళ్లీ చేస్తున్నాను.