టీచరమ్మ చూడని చుక్క

మా సైన్సు టీచరమ్మ ఇక లేరు. మొన్న ఆదివారం పొద్దున చేవెళ్లలో ఒక పెళ్లి ఫొటోలు తీస్తుంటే ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయింది తమ్మీ" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. ఎదురుగా పెళ్లికొడుకు తలంబ్రాలు దోసిట్లో పట్టుకుని నా సైగ కోసం చూస్తున్నాడు. చెయ్యి ఊపాను, ఫొటో తీశాను. ఆ తర్వాత ఏం తీశానో నాకు గుర్తులేదు.

ఆమె మొయినాబాద్ నుంచి మా ఊరి బడికి బస్సులో వచ్చేవారు. డస్టర్ ఎక్కడుందో వెతికే ఓపిక లేదు, అరచేత్తోనే బోర్డు తుడిచేవారు. సాయంత్రానికి చీర మీద తెల్లటి వేళ్ల ముద్రలు ఉండేవి. "కండ్లతోని చూసినంకనే నోటుబుక్కుల రాయాలె" అనేది ఆమె పట్టుదల. ఉల్లిపొర పాఠం వచ్చిందంటే బడిలో ఉన్న ఒకే ఒక్క మైక్రోస్కోప్ ముందు క్లాసంతా వరుస కట్టాల్సిందే. గంట కొట్టినా, పక్క క్లాసు సారు గుమ్మంలో నిలబడి దగ్గినా, ఆఖరి పిల్ల చూసేదాకా పాఠం ముందుకు కదిలేది కాదు. సిలబస్ ఎప్పుడూ వెనకబడే ఉండేది. మాకది పండగలా ఉండేది.

మేం పదో తరగతికి వచ్చిన ఏడు బడికి లెక్కల సారు లేడు. ఉపగ్రహం ద్వారా పాఠాలు వస్తాయని బడికి ఒక టీవీ, డాబా మీదికి ఒక డిష్ పంపించారు. మెకానిక్ బిగించి వెళ్లాడు, బొమ్మ వచ్చింది. మర్నాటికల్లా పోయింది. డాబా ఎక్కి చూస్తే డిష్ ముఖం ఈశాన్యానికి తిరిగి ఉంది. తిప్పించింది బడి కమిటీ పెద్ద, మా ఊరి పటేలు. పిల్లల మేలు కోరే మనిషే. అందుకే తిప్పించాడు.

"దక్షిణం యముని దిక్కు టీచరమ్మా. పిలగాండ్ల పరీక్షల ఏడు బడికి ఆ ముఖం ఎట్ల పెడ్తం?" అన్నాడు.

టీచరమ్మ వాదన పెట్టుకోలేదు. ఆయన్ని బడి ముందున్న జాగా నడుమకు తీసుకొచ్చి నిలబెట్టారు. మమ్మల్ని చుట్టూ దూరంగా గుండ్రంగా నిలబెట్టి కదలొద్దన్నారు. మేం చుక్కలమట, పటేలు భూమి.

"మీరు ఉన్నచోట్నే మెల్లగ తిరుగుండ్రి పటేలా. నా ముఖం మీదికెళ్లి చూపు తియ్యొద్దు."

ఆయన తిరుగుతున్నాడు, ఆయన తిరిగే తీరుకు సరిగ్గా టీచరమ్మ ఆయన చుట్టూ నడుస్తున్నారు. పటేలు కండువా జారింది. మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం.

"పోరగాండ్లు కనబడుతున్నరా?"

"ఒకని ఎనుక ఒకడు పోతనే ఉన్నరు."

"మరి నేను?"

"నువ్వు నా ముంగటనే ఉన్నవు గదా."

"నడిచి నడిచి నా కాళ్లు గుంజుతున్నయి పటేలా. మీకు మాత్రం నిలబడ్డట్టే ఉన్న."

తర్వాత అందరం అరుగు మీద కూర్చుంటే విడమరిచి చెప్పారు. రాయి విసిరితే కొంచెం దూరం పోయి కింద పడుతుంది. ఇంకా జోరుగా విసిరితే ఇంకా దూరం పోతుంది. భూమి వంపుకు సరిపోయేంత జోరుగా విసిరితే అది పడుతూనే ఉంటుంది, నేల మాత్రం అందదు. ఉపగ్రహమంటే అంతే. దగ్గరున్నది గబగబా చుట్టేస్తుంది, దూరమున్నది నింపాదిగా తిరుగుతుంది. సుమారు ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటే మాత్రం భూమి ఒకసారి తిరిగే లోపల అదీ ఒక చుట్టు వస్తుంది. అదీ భూమధ్యరేఖకు నెత్తిమీద తిరిగితేనే ఒక్కచోట నిలబడ్డట్టు ఉంటుంది. ఆ రేఖ మనకు దక్షిణాన ఉంది, డిష్ అటు చూడక ఎటు చూస్తుంది? పటేలు చాలాసేపు గడ్డం గోక్కుని ఒప్పుకున్నాడు. ఒక బూడిద గుమ్మడికాయ తెప్పించి డిష్ కడ్డీకి తానే కట్టాడు. ఆ ఏడు లెక్కల్లో గట్టెక్కిన వాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ రోజు అరుగు మీద నేనడిగాను, "మీరు దాన్ని చూసిండ్రా టీచర్?"

"లేదు బిడ్డా. అది కంటికి ఆనదు. ఈ ఒక్కటి లెక్కను నమ్మి చెప్తున్న" అన్నారు. అబద్ధం చెప్పినా మాకు తెలిసేది కాదు. ఆ జవాబుతోనే నాకు ఆమె మీద గౌరవం పుట్టిందని ఇప్పుడనిపిస్తుంది.

చేవెళ్లలో నేను ఫొటో స్టూడియో పెట్టాక, నిరుడు ఎండాకాలం పోయే ముందు పింఛను కాగితాలకు ఫొటో కావాలని వచ్చారు. షుగర్ కళ్లకు పాకింది. ఒక కన్ను అప్పటికే మసక. మాటల్లో మాటగా, స్టాండు మీద కెమెరా కదలకుండా పెట్టి కొన్ని నిమిషాలు తెరిచి ఉంచితే ఆకాశంలో చుక్కలన్నీ గీతలవుతాయని, కదలనిది చుక్కగానే పడుతుందని చెప్పాను. ఆమె కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"అయితే అది దొరుకుతదా?"

"చూద్దాం టీచర్."

"జర జల్ది చూడు బిడ్డా. ఈ కంటికి ఎంత టైం ఉన్నదో డాక్టర్ గూడ చెప్తలేడు."

అంతలో వానలు పట్టుకున్నాయి. మబ్బు విరిగిన ప్రతి సాయంత్రం కెమెరా పట్టుకుని బయల్దేరేవాణ్ణి. గండిపేట దిక్కు ఆకాశం లైట్లతో తెల్లగా ఉంటుందని చేవెళ్ల అవతలి చేలల్లోకి పోతే, స్టాండు నిలబెట్టేలోపే మళ్లీ మబ్బు కమ్మేది. ఆమె ఫోన్ చేసి "ఎట్లున్నది ఆకాశం?" అని అడిగేవారు. కన్ను ఎట్లుందని నేనడిగితే మాట మార్చేవారు. నాకు వానంటే మొదటిసారి కోపం వచ్చింది.

వానలు తగ్గాక ఒక సాయంత్రం, చీకటి పడ్డ కాసేపటికే దొరికింది. దక్షిణాన ఎత్తుగా, సన్నటి గీతల నడుమ ఒకటే చుక్క. చేలో ఒక్కణ్ణే నిలబడి ఏడ్చాను. ఎందుకంటే వారం ముందే ఆమె రెండో కన్ను కూడా ఆరిపోయింది. వెలుగు చీకటి తప్ప ఏమీ తెలియడం లేదని చెల్లెలు చెప్పింది.

ఆ ఫొటోను పెద్దది చేసి అట్టకు అంటించాను. ఒక్కో గీత మీద జిగురు పోసి ఆరనిచ్చాను, వేలికి తగిలేలా. చుక్క ఉన్నచోట ఒక ఆవగింజ అంటించాను. మొయినాబాద్ తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టి, వేలు పట్టుకుని చూపించాను. గీతలను ఒక్కొక్కటే తడిమారు. ఆవగింజ దగ్గర వేలు ఆగింది.

"గిదేనా?"

"అదే టీచర్."

"చూసిన బిడ్డా" అన్నారు. చాలాసేపు వేలు తియ్యలేదు.

మొన్న వెళ్లేసరికి ఆమెను బయట పడుకోబెట్టారు. చెల్లెలు నన్ను లోపలికి పిలిచింది. మంచం మీద, దిండు పక్కన ఆ అట్ట ఉంది. "రోజూ ఒళ్లె పెట్టుకునేది" అని చెప్పి ఆమె బయటికి వెళ్లింది. జిగురు గీతలు మురికి పట్టి నల్లబడ్డాయి. ఆవగింజ ఎప్పుడు రాలిపోయిందో లేదు. అది ఉన్నచోట కాగితం మాత్రం వేలు పెట్టీ పెట్టీ అరిగి, తెల్లగా మెరుస్తోంది.