నీళ్ళకు పోయినవాళ్ళ పేర్లు

బోధన్ దగ్గర మా చెరుకు చేను మూలన ఐదు గోరీలున్నాయి. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తారట, సరిగ్గా వాటి మీదుగానే. "మావాళ్ళవి, తప్పించండి" అని అర్జీ పట్టుకుని నిజామాబాద్ ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. మూడుసార్లూ గుమాస్తాది ఒకటే పాట. "పేర్లేవి మేడం? పేర్లు లేకుంటే ఎవలయన్న అయితయి" అని ఖాళీ గీతలున్న ఫారం చేతిలో పెట్టాడు. ఒళ్ళు మండిపోయింది. అతని మీద కాదు, మావాళ్ళ మీద.

మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, చెప్పే కథ చాలా చిన్నది. ఆమె అత్తకు అత్త ఈ ఇంటికి కొత్తకోడలిగా వచ్చిన ఏడు, పై చెరువు కట్ట తెగి ఊరి మీద పడింది. కట్టెలన్నీ తడిసిపోయి, కాల్చే వీలు లేక, ఇంట్లో చచ్చిపోయిన ఐదుగురినీ పూడ్చిపెట్టారు. ఆనాటి నుంచీ నీళ్ళకు పోయినవాళ్ళ పేరు ఎత్తకూడదట. ఎత్తితే నీళ్ళు విని మళ్ళీ వస్తాయట. పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు గోరీల ముందు విస్తరిలో బూరెలు, పప్పు, కూర అన్నీ పెడతాం, చెంబెడు నీళ్ళు మాత్రం పెట్టం. చిన్నప్పుడు "పొలమారితే ఎట్లనే?" అని అడిగి వీపు విమానం మోత మోగించుకున్నాను.

వినడానికి నీళ్ళెక్కడున్నాయి? ఆ చెరువు పూడిపోయి ఎన్నేళ్ళయిందో. చేనులో బోరు కూడా ఎండింది.

మొన్న ఆదివారం ఫారం పట్టుకుని అవ్వ ముందు కూర్చున్నాను.

"చెప్పవే అవ్వా. లేకుంటే మిషన్ తెచ్చి సాపు జేస్తరు."

"పేరు తియ్యద్దు బిడ్డ."

"తియ్యకు. నా చెవుల చెప్పు, నీళ్ళకు ఇనబడకుంట."

ముఖం తిప్పుకుంది. ఇక నావల్ల కాలేదు. "గింత మొండితనమేందే! నీ తర్వాత ఎవలు చెప్తరు?" అని అరిచేశాను.

అవ్వ మోకాలి మీద కొంగు సవరించుకుంది. "నాకు ఎరుక లేదే" అంది. "కొత్తల మా అత్తను అడిగిన. మూతి మీద కొట్టింది. మల్ల అడగలే. ఆమెకన్న ఎరుకనో, లేదో."

డెబ్బై ఏళ్ళుగా అన్నీ తెలిసినట్టే కూర్చుంది మనిషి! నా కోపం దిగలేదు. ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు. ఐదు గీతల మీదా "మావాళ్ళు", "మావాళ్ళు" అని రాసేశాను. గుమాస్తా తీసుకోడని తెలుసు, ఏడుపొచ్చింది.

కింద సాక్షి అని ఇంకో గీత ఉంది. అక్కడ అవ్వ పేరు రాసి చదివి వినిపించాను.

"అది మీ తాతోల్లు పెండ్లినాడు పెట్టిన పేరు" అంది.

"మరి తల్లిగారింట్ల ఏమని పిలుస్తుండిరి?"

యాభై ఏళ్ళ దాన్ని, ఈ మాట ఒక్కనాడూ అడగలేదు. అవ్వ గుమ్మం వైపు ఒకసారి చూసుకుని, పెదవులు కదిలీ కదలనట్టు చెప్పింది.

"గట్టిగ చెప్పవే" అన్నాను.

గట్టిగా చెప్పింది.