నాయన పావురాలు

పట్నంలో ట్రాములు నిలిచిపోయిన మరుసటేడు మా నాయన పావురాలు పెంచడం మొదలుపెట్టినాడు. అప్పట్లో మేము వాషర్‌మెన్‌పేటలో ఒక ధాన్యం షావుకారి ఇంటి వెనకభాగంలో అద్దెకుండేవాళ్ళం. ముందున్న పెంకుటిల్లు వాళ్ళది. దానికి ఆనుకుని వెనక రెండు గదులు మావి, వాటి మీద మెట్లెక్కి పోయే మిద్దె. నాయన, అమ్మ, నాయనని కన్న అవ్వ, నేను. నాకు పదేళ్ళుంటాయేమో.

నాయన తొండియార్‌పేట పక్క ఒక ఇనుప కార్ఖానాలో క్రేను నడిపేవాడు. కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ పోయే క్రేను. నిలువు నిచ్చెనెక్కి, పైన చిన్న గదిలో కూర్చుని, కింద మనుషులు చేసే సైగల్ని బట్టి బరువులు ఎత్తి దించాలి. ఒకరోజు గొలుసు తెగి దూలం పడిపోయింది. దాని కింద ఉండింది నాయనతో రోజూ ఒకే చోట అన్నం క్యారియరు విప్పే స్నేహితుడు.

నాయన తప్పేమీ లేదన్నారు అందరూ. చనిపోయినాయన భార్య కూడా మా ఇంటికొచ్చి, వాకిట్లోనే నిలబడి, అదే మాట చెప్పి పోయింది. కానీ ఆ తరువాత నాయన కాళ్ళు నిచ్చెన ఎక్కలేదు. మొదటి మెట్టు మీద కాలు పెడితే చెమటలు పట్టేవంట. పెద్ద మేస్త్రి జాలిపడి ఆయన్ని స్టోరులోకి, నేల మీది పనికి మార్చినాడు.

ఇంట్లో మాకు కష్టమైంది వేరే. ఏ వస్తువు కింద పడినా నాయన గోడకి అతుక్కుపోయేవాడు. చెంబు జారినా అంతే, పలక పడినా అంతే. గ్లాసు కింద పెట్టాలంటే నేను ముందు చిటికెనవేలు నేలకానించి, దాని మీద గ్లాసు దించి, మెల్లిగా వేలు లాక్కునేదాన్ని. అమ్మ రోలు వాడడం మానేసి పక్కింట్లో పచ్చడి నూరుకొచ్చేది. పండగనాడు పిల్లలు టపాకాయలు కాలుస్తారని నన్ను ముందే సందు చివరికి పంపించి, మా ఇంటి దగ్గర కాల్చొద్దని బతిమాలించింది. ఇల్లంతా ఊపిరి బిగబట్టి ఉన్నట్టుండేది.

స్టోరులో పనిచేసే ముసలాయన ఒకాయన రాయపురంలో పావురాలు పెంచేవాడు. ఆయనే ఒక జత ఇచ్చి పంపినాడు. "పనైనాక ఊరికే కూర్చోబాకప్పా. వీటిని చూసుకో, అంతే" అన్నాడంట.

నాయన పాత చెక్కపెట్టెలు తెచ్చి మిద్దె మీద గూడు కట్టినాడు. కొత్త పావురాలు ఎగిరిపోకుండా రెక్కలకి దారం కట్టాలి. ఈడే ఇల్లని వాటికి అలవాటయ్యేదాకా విప్పకూడదు. సాయంత్రం పని నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని పైకి పోయేవాడు. డబ్బాలో సజ్జలు గలగలలాడించి, నాలుకతో టక్‌టక్ మనిపించేవాడు. జత పెరిగి గుంపైంది. అవి పైన చుట్లు తిరుగుతుంటే తలెత్తి చూస్తూ నిలబడిపోయేవాడు. దిగొచ్చినప్పుడు భుజాల బిగువు సడలి ఉండేది. అన్నం అడిగి పెట్టించుకునేవాడు. ఒక్కోనాడు నాతో ఆ రోజు బళ్ళో ఏం చెప్పినారని అడిగేవాడు. ఆ గంటసేపే మా ఇంట్లో ఎవరైనా గట్టిగా మాట్లాడేది.

అయినా అవ్వకి అవి కంట్లో నలుసే. "పావురాలు చేరిన ఇల్లు పాడవతాది. ఆ మూలుగు వినలేదా? ఏడుపు కాదా అది?" అనేది. అమ్మకీ ఇష్టం లేదు. రెట్టలు కడగలేక కాదు. నాయన పిట్టగోడ లేని మిద్దె అంచున తల పైకెత్తుకుని నిలబడితే ఆమె చూడలేక లోపలికి పోయేది. "నిచ్చెన చూస్తే వణికే మనిషి ఆడెట్ట నిలబడతాడో!" అని తనలో తను గొణుక్కునేది. ఎప్పుడూ పైకొచ్చేది కాదు.

షావుకారు భార్య కూడా అవ్వలాగే నమ్మేది. ఆ ఎండాకాలం వాళ్ళ ఇంట్లో ఒకరికి జబ్బు చేసేసరికి షావుకారు వచ్చి వాకిట్లో నిలబడినాడు. "అమావాస్య లోపల పావురాలన్నా పోవాల, మీరన్నా పోవాల. సొల్లిట్టేన్, చెప్పేసినా" అని వెళ్ళిపోయినాడు. ఆ సాయంత్రం నాయన పావురాలు దిగినాక కూడా చాలాసేపు పైనే ఉన్నాడు.

మరునాడు నాయన పనికి పోయినాక అవ్వ మిద్దెక్కి గూటి తలుపు తీసేసింది. చీరకొంగు విదిలించి అన్నింటినీ తరిమింది. కొడుకు ఆ తగువులోంచి బయటపడితే చాలనుకుందేమో. ఎగరగలిగినవి ఎగిరిపోయినాయి, పోయి మళ్ళీ పైనే తిరగసాగినాయి. కొత్తగా తెచ్చిన తెల్లది ఒకటుండింది. రెక్కలకి దారం ఉన్నందువల్ల ఎగరలేక, గెంతుకుంటా పక్కనున్న షావుకారి పెంకుల మీదికి, అట్నుంచి పైన పెంకుల వాలులు కలిసే కొప్పు మీదికి పోయి కూర్చునింది. ఎవరి మాటా వినలేదు. సాయంత్రం దాకా ఆడే ఉంది.

నాయన వచ్చేసరికి పైన గద్ద తిరుగుతా ఉంది.

నేను పక్క సందులో కుళాయి దగ్గర బిందె పట్టుకుని ఉన్నా. నాయన మిద్దె మీదికి పరుగెత్తడం వినిపించింది. తలెత్తి చూస్తే పెంకుల మీద చేతులూ కాళ్ళూ ఆనించి పైకి పాకుతున్నాడు. ఎంత ఎత్తులో ఉన్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. కొప్పు దగ్గరికి పోయి చెయ్యి చాచినాడు. మోకాలి కింద పెంకు ఒకటి పుటుక్కుమని విరిగి, జారి, చూరు దాటి వచ్చింది.

అది నా బిందె మీద పడింది. బిందె చేతిలోంచి ఎగిరిపోయి బండ మీద దొర్లింది. నేను కెవ్వుమన్నాను.

నాయన కిందికి చూసినాడు. ఆ ముఖం ఇప్పటికీ మరిచిపోలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, కొప్పుని రెండు చేతులా వాటేసుకుని, బల్లిలాగా అతుక్కుపోయినాడు.

జనం చేరిపోయినారు. ఒకరు ఇట్ట దిగమంటే ఒకరు అట్ట దిగమన్నారు. తమిళంలో ఒకరు, తెలుగులో ఒకరు. షావుకారు కింద నిలబడి పెంకులు పెంకులని అరుస్తున్నాడు. ఎవరో నిచ్చెన తెచ్చి చూరుకి ఠక్కుమని ఆనించినారు. ఆ చప్పుడుకి నాయన ఒళ్ళంతా అదిరింది. ఇంకో రెండు పెంకులు కదిలినాయి.

అమ్మ లోపల్నుంచి వచ్చింది. ముందు నా తల, చేతులు తడిమి చూసింది. తరువాత నిచ్చెన తెచ్చినాయన చెయ్యి పట్టుకునింది.

"నిచ్చెన ఎత్తకండి. దాన్ని అట్నే ఉండనీండి. అందరూ ఒక్క నిమిషం నోరు మూసుకోండి." షావుకారు వైపు తిరిగి, "మీరు గూడా సామీ" అనింది.

ఆమె అంత మాట అనగా నేను ఎప్పుడూ వినలేదు. సందంతా గమ్మునైపోయింది.

"నాయనకి చెప్పు" అనింది నాతో.

"నాయనా, నాకేం కాలా. బిందె మీద పడింది, అంతే" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. ఇంకోసారి అరిచినాను. నాయన కళ్ళు తెరవలేదు.

అమ్మ మిద్దె మీదికి పోయింది. నేను వెనకాలే పోయినాను. ఆమె సజ్జల డబ్బా తీసుకుని అంచు దాకా వచ్చి గలగలలాడించింది. నాలుకతో టక్‌టక్ మనడానికి చూస్తే నోరు ఎండిపోయి శబ్దం రాలేదు. ఉమ్మి మింగి మళ్ళీ ప్రయత్నించింది. పైన తిరుగుతున్న పావురాలు ఒక చుట్టు తిరిగినాయి. ఇంకో చుట్టు. అవి దిగవనుకున్నాను. ఒకటి దిగింది. దాని వెనక గుంపంతా రెక్కల చప్పుడుతో అమ్మ కాళ్ళ చుట్టూ వాలింది. ఆమె కళ్ళు మూసుకునింది గానీ కదల్లేదు.

"మావా" అనింది, రోజూ వంటింట్లోంచి పిలిచినట్టే. "ఇవన్నీ వచ్చినాయి. ఎన్ని సజ్జలెయ్యాల?"

ఒక గుప్పెడు కింద చల్లింది.

"నల్లది మిగతావాటిని పొడుస్తా ఉంది. దాన్ని ఏం చెయ్యాల? నాకు తెలీదు. నువ్వే చెప్పాల."

కొప్పు మీంచి గొంతు వచ్చింది. "దానికి వేరేగా... ఆ మూల వెయ్యి."

"ఏ మూల?"

నాయన చూపించడానికి కళ్ళు తెరిచినాడు. ఒక చెయ్యి వదిలినాడు.

అట్లా అడుగుతానే ఉండింది అమ్మ. నీళ్ళు ఎప్పుడు పెట్టాల, గుడ్ల మీదున్నది తినకపోతే ఎట్ట. ఒక్కో జవాబుకీ నాయన ఒక్కో జానెడు ఇటు జరిగినాడు. అంచుకొచ్చినాక అమ్మ డబ్బా నా చేతికిచ్చి ఆయన మణికట్టు పట్టుకుని లాగింది. ఇద్దరూ పావురాల మధ్య కూలబడిపోయినారు. నాయన నన్ను దగ్గరికి లాక్కుని నా తలంతా వేళ్ళతో తడిమినాడు, అమ్మ చూసినట్టే. అప్పుడు ఏడ్చినాడు. కార్ఖానాలో ఆ రోజు జరిగినాక ఆయన ఏడవడం అదే మొదలు.

తెల్లది ఆ గందరగోళంలో ఎప్పుడు దిగిందో, కుళాయి దగ్గర చిందిన నీళ్ళు తాగుతా కనిపించింది.

తలుపు తీసింది తనేనని అవ్వే చెప్పింది. నాయన తల ఊపి, "పోనీలేమ్మా" అన్నాడు. షావుకారు మాత్రం మాట మార్చుకోలేదు. పావురాలో మేమో అమావాస్యకి ముందే వెళ్ళిపోవాలన్నాడు. పావురాల్ని ఇచ్చేస్తానని నాయన అంటే అమ్మ ఒప్పుకోలేదు. "సాయంత్రం పూట ఆ గంటసేపు కూడా పోతే మళ్ళీ నీతో ఎట్ట బతకాల మేము?" అనింది.

ఇల్లు వెతకడానికి తనే బయల్దేరింది. కొరుక్కుపేటలో రైలుకట్ట పక్కన దొరికింది. గదులు ఇరుకు, కప్పు కురిసేది, కానీ మిద్దెకి నడుమెత్తు పిట్టగోడ ఉండింది. ముందు దాన్ని చేత్తో నెట్టి చూసి, ఆ తరువాతే లోపలికి పోయి వంటగది చూసింది.

నాయన మళ్ళీ క్రేను ఎక్కలేదు. స్టోరులోనే పనిచేసి ఆడే రిటైరైనాడు. చెంబు జారితే ఉలిక్కిపడడం కూడా పూర్తిగా పోలేదు. కాకపోతే ఉలిక్కిపడినాక తనే తేరుకుని, "ఏంలే, చెంబు" అనడం నేర్చుకున్నాడు. అమ్మ రోలు మళ్ళీ వాకిట్లోకి వచ్చింది. సాయంత్రాలు ఆమె కూడా పైకొచ్చి, పిట్టగోడకి వీపు ఆనించి కాళ్ళు చాపుకుని కూర్చునేది. చేతిలో ఏ పనీ ఉండేది కాదు. మా అమ్మ అట్లా ఊరికే కూర్చోవడం నేను చూసింది ఆ మిద్దె మీదనే.