నల్లగా ఉన్నదంతా కాలింది కాదు

మా సార్ పోయారన్న కబురు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దానికి పైనా కిందా ఆక్సిజన్ సిలిండర్ల కోసం మెసేజీలే. సూరత్‌లో నేనుండేది అడాజన్, ఆయనది ఆల్థాన్. మధ్యలో తాపీ నది. కరోనా రెండో విడత మంచి ఊపు మీదుంది, ఆఖరి చూపు దక్కలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

మగ్గాల పని కోసం సూరత్ వచ్చిన తెలంగాణ కుటుంబం ఆయనది. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో కాలిన అడవిని పోల్చుకుని పటం గీయడం నాకు నేర్పింది ఆయనే. ఈ పనిలో నేనింకా ఉన్నానంటే ఆయన పుణ్యమే. ఏ పటం తీసుకెళ్లినా మొదట "మునుపటి బొమ్మేది?" అనేవారు. కాలకముందు ఎలా ఉందో చూడందే కాలిందని రాయనిచ్చేవారు కాదు. ఇంటి సంగతులకూ అదే లెక్క. లాక్‌డౌన్‌లో మా ఆయన ఊరికే కస్సుమంటున్నాడని ఫోన్లో చెప్పుకుంటే, "మునుపెట్లుండె బిడ్డా?" అన్నారు. మునుపూ అంతేనని గుర్తొచ్చి నవ్వేశాను.

ఆ లాక్‌డౌన్ వేసవిలోనే, గుజరాత్‌లోనే ఉన్న డాంగ్ కొండల్లో అడవి అంటుకుంది. నిప్పు ఎక్కడ మొదలైందో తేల్చి పటం ఇమ్మని అటవీశాఖ వాళ్లు మా ఆఫీసును అడిగారు. సాఫ్ట్‌వేరేమో అడవితో పాటు దాని అంచునున్న గూడెం పొలాన్నీ కాలినట్టు చూపించింది. పటం అలాగే వెళ్తే నిప్పు పెట్టింది గూడెం వాళ్లేనని తేలిపోతుంది, వాళ్ల సాగు ఆగిపోతుంది. వెళ్లి చూద్దామంటే దారులన్నీ మూసేశారు. సార్ వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని ఆ పొలం రైతు నంబరు సంపాదించి, గుజరాతీలో తీరిగ్గా మాట్లాడారు. ఆ వారమే పొలానికి వాగు నీళ్లు పెట్టామన్నాడు రైతు. తడిసిన నల్లరేగడి పైనుంచి చూస్తే కాలిన నేలలాగే ఉంటుంది. సార్ నాచేత పాత ఏళ్ల బొమ్మలన్నీ తీయించారు. ఏటా ఆ రోజుల్లో ఆ పొలం నల్లబడుతోంది, కొన్నాళ్లకు పచ్చబడుతోంది. అడవిలో మంటలు మాత్రం ఎప్పుడు వచ్చినా రోడ్డు వైపు నుంచే వచ్చాయి.

పొలాన్ని పటంలోంచి తీసేశాం. ఉపగ్రహం కంటే ఫోన్లో విన్న మాట ఎక్కువైందా అని పటం అడిగిన అధికారి విసుక్కున్నాడు. సార్ ఓపిగ్గా అన్నీ వివరించి, ఫోన్ పెట్టేశాక నాతో అన్నారు: "శాటిలైట్ అబద్ధమాడది బిడ్డా. నల్లగున్నదని చెప్పింది, గంతే. కాలిందన్నది మనం."

మరుసటి వేసవిలో ఆయన పోయారు. ఆ ఏడు వానలు తగ్గాక రైతు నాకు ఫోన్ చేశాడు. పొలం హద్దులు అడగడానికి అప్పట్లో నేనూ మాట్లాడాను కనుక నా నంబరు అతని దగ్గరుంది. సార్ ఫోన్ ఎత్తడం లేదేమని అడిగాడు. చెప్పాను.

పంట కోశాక ఒక ఫోటో పంపాడు. కొత్త బియ్యం తాము తినేముందు మొదటి ముద్ద పోయిన పెద్దలకు పెట్టుకుంటారట. పొలం గట్టు మీద వరసగా ఆకులు పరిచి, ఒక్కో ఆకులో ఇంత అన్నం పెట్టారు. తాత, నాన్న, చిన్నాన్న అని కింద పేరుపేరునా రాశాడు. చివరి ఆకు సార్‌ది.