చెయ్యి పట్టుకునే కుళాయి

మా ఆయనకు జహీరాబాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కరెంటు పనుల విభాగంలో ఉద్యోగం వచ్చాక, కోస్తా నుంచి వచ్చి ఒక పాత ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగాం. ముందు వాటాలో ఇంటావిడ ఒక్కతే ఉండేది. తాళాలిచ్చిన రోజే ఆవిడ వంటింటి గడప బయట ఆగిపోయింది.

"చెప్పులేస్కొని పో బిడ్డా లోపలికి. మా అత్తమ్మ గీడనే పోయింది. తన వంటింట్ల ఇంకెవ్వర్ని ఉండనియ్యది."

నవ్వి ఊరుకున్నాను. వంటింట్లో చెప్పులేసుకోవడం నాకు అలవాటు లేదు.

వానలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం బియ్యం కడిగి కుళాయి కట్టేయబోతుంటే ఎవరో మణికట్టు పట్టుకున్నట్టయింది. సన్నటి వేళ్లు. పట్టుకుని వదిలేశాయి. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. మర్నాడు గ్రైండర్ అంచు దగ్గర మళ్లీ అదే పట్టు. ఎండ కాస్తే ఏమీ ఉండేది కాదు, వాన పడితే వచ్చేది. పోనుపోను గడప దగ్గర ఆగి, "వస్తున్నానమ్మా" అని లోలోపల చెప్పుకుని గానీ లోపలికి వెళ్లలేకపోయాను.

ఆదివారం మా ఆయనకు చెప్పాను. "తడి చేత్తో స్విచ్ ముట్టుకునుంటావు" అన్నారు.

"స్విచ్ కాదండీ, కుళాయి."

ఆయన మా వాటా మెయిన్ ఆపేసి, టెస్టర్ తెచ్చి కుళాయికి ఆనించారు. మబ్బు చీకట్లో టెస్టర్ ఎర్రగా వెలిగింది. ఇంట్లో ఒక్క ఫ్యాను తిరగడం లేదు. ఆయన చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "మెయిన్ ఆపేశాను కదా! మరి ఇదెక్కడిది?" ఆ గొంతు విన్నాకే నాకు నిజంగా భయమేసింది.

గోడ వెంట వైరు పట్టుకుని వెతికారు. ఆ ఇంటికి ఎర్తింగ్ గుంతే లేదు. రెండు వాటాల ఎర్త్ వైర్లూ మా వంటింటి ఇనప పైపుకు చుట్టి ఉన్నాయి. ఆ పైపును పెరట్లో నేలలోకి దిగే చోట ఎవరో ఎప్పుడో కోసేసి ప్లాస్టిక్ పైపు అతికించారు. ఇంటావిడ పాత ఫ్రిజ్ ప్లగ్ పీకగానే టెస్టర్ ఆరిపోయింది.

"మీ ఫ్రిజ్‌లోంచి లీకయ్యే కరెంటుకు భూమిలోకి దారి లేదు పెద్దమ్మా. ఈ పైపులోనే ఉండిపోతోంది. వానకి నేల చెమ్మగిల్లితే, ముట్టుకున్నవాళ్ల ఒంట్లోంచి దిగుతోంది. ప్లాస్టిక్ పైపు ఎప్పుడు వేయించారు?"

"అత్తమ్మ పోయిన యేడే. జర ముందట." ఆవిడ గోడ పట్టుకుంది. "కుళాయి కాడ్నే పడిపోయింది. గుండె ఆగిందన్నరు దవాఖానల."

మా ఆయన చూపు కుళాయి మీదికి పోయింది.

"పైపు నేనే మార్పిచ్చిన" అంది ఆవిడ మెల్లగా. "అత్తమ్మ వద్దన్నది."

"అది గుండెపోటే అయ్యుండొచ్చు పెద్దమ్మా" అన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు.

ఆ వారమే పెరట్లో గుంత తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తింగ్ పాతించారు. కాస్త లీకైనా దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్ బిగించారు. మళ్లీ ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు.

ఎండాకాలంలో ఆ గుంత ఎండిపోకుండా నీళ్లు పోయాలి. ఆ పని ఇంటావిడే తీసుకుంది. రోజూ సాయంత్రం చెంబుతో నీళ్లు పోస్తూ, తల వంచుకుని నేలతో గొణిగేది. మధ్యమధ్య ఆగేది, అవతలివాళ్లు చెప్పేది వింటున్నట్టు. కాసేపటికి "అవునత్తమ్మా" అనేది.

నేను కిటికీ మూసేసేదాన్ని.