దవాఖాన లేని బొమ్మ

మా చిన్నమ్మ కొడుకు నరేష్ బొమ్మలు వేస్తాడు. "పెద్దమ్మ బొమ్మేసిన, చూడనీకి రా అక్కా" అంటే, ఈ రోజు ఇబ్రహీంపట్నంలో ఓ కాలేజీలో పెట్టిన ప్రదర్శనకు సంబరంగా వెళ్లాను.

బొమ్మలో జ్వరంతో పడుకున్న పిల్లాడు, పిడికిట ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని దిష్టి తీస్తున్న మా అమ్మ. చేతి మీది పచ్చబొట్టుతో సహా అచ్చం అమ్మే. కింద పేరు 'అజ్ఞానం'.

ఓ లెక్చరర్ అందరికీ వివరిస్తున్నాడు: "పల్లెల్లో ఇంతే, వైద్యం మానేసి ఇలాంటివి నమ్ముతారు." పక్కనే నిలబడ్డ నరేష్ తలూపాడు. బొమ్మలోని ఆ పిల్లాడు వాడే! నాకు ఒళ్లు మండింది.

పక్కకు పిలిచాను. "నిన్ను సంకల ఏసుకొని దవాఖానకు ఉరికి, సూది ఏయించుకొచ్చినంకనే గదరా అమ్మ దిష్టి తీసింది?"

"అవ్ అక్కా. కానీ దవాఖాన బొమ్మేస్తే ఎవరు చూస్తరు?"

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే అమ్మ అడిగింది. "మస్తుమంది చూసిండ్రా? వాన్ని జర ఇటు రమ్మను, దిష్టి తీస్త."

ఉప్పు డబ్బా అప్పటికే బయట పెట్టింది. బొమ్మకు ఏం పేరు పెట్టాడని ఇంకా అడగలేదు. అడిగితే ఏం చెప్పను? మీరే చెప్పండి.